జీడిమెట్ల నుంచి చాంగోదర్‌కు

హైదరాబాదులో ఇన్ని మందుల కంపెనీలుండగా ఉద్యోగం కోసం గుజరాత్ దాకా వెళ్లవలసిన అవసరం ఏమొచ్చిందని నన్ను ఇప్పటికీ అడుగుతుంటారు. అడిగేవారిలో బంధువులున్నారు, నాతో ఎమ్మెస్సీ చదివినవారున్నారు, నాలాగే ఏళ్ల తరబడి ల్యాబుల్లో పనిచేసి ఇప్పుడు తమ ప్లాంటులో కూడా ఏదో తేడాగా ఉందని పసిగట్టినవారూ ఉన్నారు. మిగిలినవారికి ఒక్క మాటలో జవాబు చెప్పి ఊరుకుంటాను గాని, ఈ చివరివారికి వివరంగా చెప్పాలనిపిస్తుంది. ఇది రాయడం ప్రధానంగా వారి కోసమే.

మాది వరంగల్ కొత్తవాడ. కాకతీయ విశ్వవిద్యాలయంలో ఆర్గానిక్ కెమిస్ట్రీ చదివి, పెళ్లయ్యాక హైదరాబాదు వచ్చి, జీడిమెట్ల, బొల్లారం ప్రాంతాల్లో బల్క్ డ్రగ్, అంటే మాత్రల్లో వాడే అసలు మందు పొడి, తయారుచేసే కంపెనీల నాణ్యత నియంత్రణ ల్యాబుల్లో, అంటే మేం క్యూసీ అని పిలుచుకునే విభాగంలో, పదిహేనేళ్లకు పైగా పనిచేశాను. హైదరాబాదుకు బల్క్ డ్రగ్ నగరమన్న పేరు ఊరికే రాలేదు. 1961లో ఏర్పడిన ప్రభుత్వరంగ మందుల సంస్థ ఐడీపీఎల్ బాలానగర్‌లో కర్మాగారం పెట్టడం, అక్కడ పని నేర్చుకున్న రసాయన శాస్త్రజ్ఞులు కొందరు బయటికి వచ్చి సొంత కంపెనీలు ప్రారంభించడం వల్ల వచ్చింది. 1984లో డాక్టర్ రెడ్డీస్‌ను స్థాపించిన అంజిరెడ్డి కూడా అలా ఐడీపీఎల్‌లో పనిచేసినవారే. మా తరానికి ఆ చరిత్ర ఒక భరోసాగా పనిచేసింది. ఒక కంపెనీ కాకపోతే ఇంకొకటి, బస్సు నంబరు కూడా మారదు అనుకుంటూ బతికాం.

2023లో మా ప్లాంటుకు అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ తనిఖీ అధికారులు వచ్చారు. తనిఖీ ముగించి వెళ్లేటప్పుడు వారు ఫారం 483 ఇచ్చి వెళ్లారు. తమకు కనిపించిన లోపాలను వరుసగా రాసి యాజమాన్యం చేతికిచ్చే పత్రం అది. దానికి 15 పనిదినాల్లో సమాధానం పంపాలి. మా వాళ్లు పంపిన సమాధానం అధికారులను తృప్తిపరచలేదు, కొన్ని నెలల్లో హెచ్చరిక లేఖ వచ్చింది, ఆ తర్వాత దిగుమతి నిషేధ జాబితాలో మా ప్లాంటు పేరు చేరింది. లోపం ఎక్కడ జరిగిందంటే, నమూనాలోని పదార్థాలను వేరుచేసి కొలిచే హెచ్‌పీఎల్‌సీ యంత్రాల మీద కొన్ని నమూనాలను ముందుగా అనధికారికంగా నడిపి చూసుకుని, ఫలితం బాగా వస్తుందని తేలాకే రికార్డులోకి ఎక్కించారన్నది అభియోగం. యంత్రంలోని ఆడిట్ ట్రయల్ ఎవరు ఎప్పుడు ఏం చేశారో అంతా నమోదు చేసి ఉంచుతుంది కనుక అది బయటపడక తప్పలేదు. నేను ముడిసరుకుల విభాగంలో ఉండేదాన్ని, ఆ యంత్రాలతో నాకు సంబంధం లేదు. అయితే అమెరికాకు సరుకు వెళ్లని ప్లాంటులో ముడిసరుకును పరీక్షించేవారితో మాత్రం ఏం పని ఉంటుంది?

మనుషులను తీసివేసే పద్ధతి అన్నిచోట్లా ఉండేదే. హెచ్ఆర్ వారు ఒక్కొక్కరిని గదిలోకి పిలిచి, రాజీనామా ఇస్తే అనుభవ ధ్రువపత్రం శుభ్రంగా ఇస్తామనీ, ఇవ్వకపోతే తామే తొలగించవలసి వస్తుందనీ మెత్తగా చెప్పారు. పారిశ్రామిక వివాదాల చట్టం అప్పటికింకా అమల్లోనే ఉంది. దాని ప్రకారం కార్మికుడి నిర్వచనంలోకి వచ్చేవారిని తొలగిస్తే కనీసం నెల రోజుల నోటీసుతో పాటు పనిచేసిన ప్రతి సంవత్సరానికీ 15 రోజుల సగటు జీతం పరిహారంగా ఇవ్వాలి. నా హోదా పర్యవేక్షక స్థాయిదని నియామక పత్రంలో రాసి ఉంది గనుక నాకు అది వర్తించదన్నారు. నా కింద పనిచేసిన పిల్లలకు వర్తించేది, కాని వారిలో చాలామందికి ఆ సంగతే తెలియదు. పరిహారం అన్న మాట ఆ గదిలో ఎవరి నోటా రాలేదు. రాజీనామా పత్రం మీద సంతకం చేసే ముందు ఒక రోజు గడువు అడగడానికి ఎవరూ మొహమాటపడకూడదని నా అభిప్రాయం. ఆ ఒక్క రోజులో తెలిసినవారిని అడిగి తెలుసుకోగలిగే విషయాలు చాలా ఉంటాయి.

ఇక అసలు సంగతికి వస్తాను. హైదరాబాదులో ఉద్యోగాలు లేకపోలేదు, ఇంటర్వ్యూలకు పిలుపులూ వచ్చాయి. కాని ప్రతిచోటా మొదటి ఐదు నిమిషాల్లోనే మా ప్లాంటు పేరు దగ్గర సంభాషణ ఆగిపోయేది. ఎదుటివారు మర్యాదగానే ఉండేవారు, హెచ్‌పీఎల్‌సీ మీద ఎవరు పనిచేసేవారో, నా లాగిన్‌తో ఇతరులెవరైనా పనిచేశారా అన్నదీ రకరకాలుగా తిప్పి తిప్పి అడిగేవారు. వారిని తప్పుపట్టలేను. రేపు వారి ల్యాబుకు కూడా అదే ఎఫ్‌డీఏ వస్తుంది, అప్పుడు ఉద్యోగుల పాత వివరాలన్నీ చూపించవలసింది వారే. పైగా ఒకే ప్లాంటు నుంచి ఒకే సమయంలో అంతమంది రోడ్డు మీదికి వస్తే, జీడిమెట్ల నుంచి పటాన్‌చెరు దాకా ఉన్న ప్రతి హెచ్ఆర్ బల్ల మీదా మా దరఖాస్తులే ఉంటాయి. నాణ్యత నియంత్రణ రంగం బయటికి పెద్దదిగా కనిపించినా లోపల చాలా చిన్నది, అందరికీ అందరూ తెలుసు.

ఆ రోజుల్లోనే నాకు ఒక విషయం తెలిసివచ్చింది. మామూలుగా మనం చూసే దేశపటం వేరు, చేతిపనిని నమ్ముకున్నవారి దేశపటం వేరు. మా పటంలో ఢిల్లీ, కోల్‌కతా పెద్దగా కనిపించవు; మందుల ప్లాంట్లున్న బద్ది, అంకలేశ్వర్, వాపి, పీతంపూర్, గోవాలోని వెర్ణా, సిక్కింలోని రంగ్‌పో, విశాఖ పక్కన పరవాడ, శ్రీకాకుళం జిల్లా పైడిభీమవరం వంటి పేర్లు మాత్రం పెద్ద పెద్ద అక్షరాలతో ఉంటాయి. ఆ పటం ముందు పెట్టుకుని దరఖాస్తులు పంపితే చివరికి రెండు చోట్ల నుంచి పిలుపు ఖాయమైంది. ఒకటి మధ్యప్రదేశ్‌లో, చుట్టుపక్కల మరో పరిశ్రమ లేని ఒంటరి ప్లాంటు. పాత జీతం మీద మూడోవంతు ఎక్కువ, ఉండడానికి క్వార్టరు. రెండోది అహ్మదాబాదుకు నైరుతి దిక్కున సర్ఖేజ్–బావ్లా రహదారి మీద, చాంగోదర్ దగ్గర మాత్రలు, క్యాప్సూళ్లు తయారుచేసే ప్లాంటు. జీతం పాతదానికన్నా కొంచెమే ఎక్కువ, వసతి మనమే చూసుకోవాలి.

మా ఆయన కాగితం మీద లెక్కవేసి మొదటిదే మేలన్నాడు. నిర్ణయం తేల్చింది మాత్రం సూరత్‌లో ఉన్న మా చిన్నాయన. మా తాత ఆజంజాహి మిల్లు కార్మికుడు. 1934లో నిజాం కాలంలో మొదలైన ఆ మిల్లు 1990లో మూతపడ్డాక మా బాపు కొత్తవాడలోనే తివాచీల నేతలో ఉండిపోయాడు, చిన్నాయన మాత్రం వాడకట్టులోని మరికొందరితో కలిసి నవజీవన్ ఎక్స్‌ప్రెస్ ఎక్కి సూరత్ వెళ్లి మరమగ్గాల మీద పనికి కుదిరాడు. ఫోనులో నా రెండు అవకాశాల సంగతి విని ఆయన జీతం ఎంతని అడగలేదు. "ఒక సాంచా బందైతే పక్క గల్లీల ఇంకో సాంచా ఉండాలె బిడ్డా, గట్ల లేని ఊరికి ఎంత పైసలిచ్చినా పోవద్దు" అన్నాడు. సాంచా అంటే మరమగ్గం. ఆయన ముప్పై ఏళ్లకు పైగా సూరత్‌లో నిలబడగలిగింది ఒక యజమాని దయవల్ల కాదు, లింబాయత్, ఉధ్నా ప్రాంతాల్లో వీధికో మగ్గాల షెడ్డు ఉండడం వల్ల. ఒక షెడ్డు మూతపడితే మరో షెడ్డు, బేరాలు లేని నెలల్లో మరేదో పని.

ఒకసారి ఉద్యోగం పోయినవారికి మళ్లీ పోయే అవకాశం అందరికన్నా ఎక్కువ, ఎందుకంటే కొత్తచోట చివరగా చేరినవారు వారే, కోత పడితే ముందుగా వెళ్లేదీ వారే. ఒంటరి ప్లాంటులో ఆ కోత పడితే ఉద్యోగంతో పాటు క్వార్టరు కూడా పోతుంది, సామాను సర్దుకుని మళ్లీ మరో రాష్ట్రం వెతుక్కోవాలి. అహ్మదాబాదులో అయితే చాంగోదర్, మొరైయా, సాణంద్, మటోడాలోని ఫార్మెజ్ అనే మందుల సెజ్ (ప్రత్యేక ఆర్థిక మండలి) అన్నీ ఒకే దిక్కున, ఒకదానికొకటి దగ్గరగా ఉన్నాయి. నా వృత్తికి అక్కడ పక్క గల్లీ ఉందన్నమాట. తక్కువ జీతాన్ని ఎంచుకోవడానికి నాకున్న కారణం ఇంతే, ఈ రెండేళ్లలో దాన్ని మార్చుకోవలసిన అవసరం కనిపించలేదు.

జీతం విషయంలో మరొక్క మాట. మా రంగంలో నోటీసు గడువు రెండు మూడు నెలల దాకా ఉంటుంది కనుక, ఉద్యోగంలో ఉన్నవారిని తీసుకోవాలంటే కంపెనీలు అంతకాలం ఆగాలి. ఉద్యోగం లేనివారు వెంటనే చేరగలరు. ఆ వెసులుబాటుకు విలువ ఉంది, కాని ఎదుటివారు దాన్ని మన అవసరంగా మాత్రమే చూపించి జీతం తగ్గించాలని చూస్తారు. వచ్చే సోమవారమే చేరగలనని చెప్పి, దానికి బదులుగా రైలు ఖర్చులు, మొదటి పదిహేను రోజుల అతిథిగృహం అడిగాను. ఇచ్చారు. అడగకపోతే ఇచ్చేవారు కాదు.

బయలుదేరే ముందు పూర్తిచేసుకోవలసిన కాగితాల గురించి కొంచెం ఎక్కువగానే చెబుతాను, ఎందుకంటే ఊరు మారాక పాత కంపెనీ గేటు దగ్గర నిలబడి అడిగే అవకాశం ఉండదు. గ్రాట్యుటీ ఐదేళ్ల సర్వీసు నిండినవారికి రాజీనామా చేసినా వస్తుంది. అప్పటి లెక్క ప్రకారం చివరి మూలవేతనం, కరువు భత్యం కలిపిన మొత్తాన్ని 26తో భాగించి, 15తో హెచ్చించి, దాన్ని సర్వీసు సంవత్సరాలతో హెచ్చిస్తే వచ్చేది మన గ్రాట్యుటీ (2025 నవంబరులో అమల్లోకి వచ్చిన కొత్త కార్మిక స్మృతులతో వేతనం నిర్వచనం మారింది గనుక ఇప్పుడు చూసుకునేవారు కొత్తదే చూసుకోవాలి). ఆరు నెలలకు మించిన భాగాన్ని పూర్తి సంవత్సరంగా లెక్కిస్తారు. 30 రోజుల్లో చెల్లించాలన్నది చట్టం. జీతంలో మూలవేతనాన్ని తక్కువగా, భత్యాలను ఎక్కువగా చూపించే కంపెనీల్లో పనిచేసినవారికి ఆ కిటుకు ఎందుకు చేశారో సరిగ్గా ఆ రోజున అర్థమవుతుంది. నాకు రావలసింది వచ్చింది, కాని రాతపూర్వకంగా గుర్తుచేశాకనే వచ్చింది.

భవిష్యనిధి విషయంలో నాతో పాటు బయటికి వచ్చినవారిలో చాలామంది తొందరపడ్డారు. అప్పటి నియమాల ప్రకారం ఉద్యోగం లేకుండా ఒక నెల గడిస్తే 75 శాతం, రెండు నెలలు గడిస్తే మిగిలినదీ తీసుకోవచ్చు (ఆ తర్వాత 2025లో ఈ నియమాలను మార్చే నిర్ణయం జరిగింది గనుక ఇప్పుడు చూసుకునేవారు కొత్తవే చూసుకోవాలి). ఇంటి వాయిదాలు మోస్తున్నవారిని తీసుకోవద్దని చెప్పే అర్హత నాకు లేదు. నేను మాత్రం ముట్టుకోకుండా కొత్త ఖాతాకు మార్పించుకున్నాను. అక్కడ అడ్డం పడేది ఒక చిన్న గడి: పాత కంపెనీ మన నిష్క్రమణ తేదీని నమోదు చేయకపోతే బదిలీ ముందుకు కదలదు. కంపెనీ చేయకపోయినా, చివరి చందా పడిన రెండు నెలల తర్వాత ఆ తేదీని మనమే పోర్టల్‌లో నమోదు చేసుకోవచ్చన్న సంగతి తెలిసి ఉంటే చాలు. పింఛను పథకంలో పదేళ్లు నిండినవారికి ఆ సర్వీసు లెక్క తెగిపోకుండా చూసుకోవడం కూడా ముఖ్యమే.

ఇవన్నీ కాగితాలు, ఎలాగో తెములుతాయి. తెమలనిది ఇల్లు. మా ఆయనకు కూకట్‌పల్లిలో ఎలక్ట్రికల్ సామాన్ల దుకాణం ఉంది. దుకాణమంటే గోడలూ సరుకూ కాదు, అప్పులిచ్చిన మేస్త్రీలూ, ఎలక్ట్రీషియన్లూ, వారి మీద ఇరవై ఏళ్ల నమ్మకమూ. దాన్ని లారీలో ఎక్కించి అహ్మదాబాదులో దించలేం. మా అత్తమ్మకు మోకాళ్ల నొప్పులు, తెలిసిన వైద్యుడు వీధి చివరనే ఉంటాడు. బాబు అప్పుడు తొమ్మిదో తరగతి. భర్త ఎక్కడ ఉద్యోగం దొరికితే అక్కడికి భార్య సర్దుకుని వెళ్లడం మన ఇళ్లలో ఎవరికీ విడ్డూరంగా అనిపించదు. అదే భార్యకు వేరే ఊరిలో ఉద్యోగం దొరికితే, అందరూ ఉన్నచోటనే ఉండి ఆమె ఒక్కతే వెళ్లడం ఎవరికి చెప్పినా ఒక క్షణం ఆగి, "మరి బాబును ఎవరు చూసుకుంటారు?" అని అడుగుతారు. నాన్న ఉన్నాడు, నానమ్మ ఉంది అని చెప్పేదాన్ని. ఆ జవాబు చాలదన్నట్టు చూసేవారు. మా అత్తమ్మ మాత్రం అలా చూడలేదు. "నువ్వు పోయి రా, నేనున్న" అన్నది, అంతకుమించి ఆ విషయం మీద చర్చ పెట్టలేదు.

బాబును వెంట తీసుకెళ్లకపోవడానికి అమ్మతనాలతో సంబంధం లేని గట్టి కారణం మరొకటి ఉంది, పిల్లలున్న తెలుగు కుటుంబాలు ఊరు మారే ముందు దీన్ని తప్పక ఆలోచించాలి. రాజ్యాంగంలోని 371-డి అధికరణం కింద 1974లో వెలువడిన రాష్ట్రపతి ఉత్తర్వుల నాటి నుంచి మన దగ్గర కళాశాలల ప్రవేశాల్లో స్థానికత అనే లెక్క ఉంది. అర్హత పరీక్షతో ముగిసేలా వరుసగా నాలుగేళ్లు స్థానిక విద్యాసంస్థల్లో చదవడం దానికి ప్రధానమైన ప్రమాణం. అంటే ఇంజనీరింగ్‌కో, వైద్యానికో వెళ్లదలచిన పిల్లలకు తొమ్మిదో తరగతి నుంచి ఇంటర్ రెండో సంవత్సరం దాకా ఉన్న ఆ నాలుగేళ్లే కీలకం. సరిగ్గా ఆ మధ్యలో పిల్లవాణ్ణి అహ్మదాబాదు తీసుకెళ్లి పదకొండు, పన్నెండు తరగతులు అక్కడ చదివిస్తే, తిరిగి వచ్చేసరికి సొంత రాష్ట్రంలోనే స్థానికేతరుడయ్యే ప్రమాదం ఉంది. నేను వెళ్లిన కొన్ని నెలలకే, 2024 జులైలో, వైద్య విద్య ప్రవేశాల కోసం తెలంగాణ ప్రభుత్వం 33వ నంబరు జీవోతో ఈ నిబంధనను మరింత బిగించింది; దాని మీద వివాదం సుప్రీంకోర్టు దాకా వెళ్లి, 2025 సెప్టెంబరులో ప్రభుత్వ నిబంధనే నిలబడింది. బతుకుతెరువు కోసం తల్లిదండ్రులు రాష్ట్రం దాటినందుకు పిల్లలు స్థానికత పోగొట్టుకోవడం న్యాయమా అంటే నాకు న్యాయంగా తోచదు, ప్రభుత్వోద్యోగుల పిల్లలకు ఉన్న మినహాయింపు ప్రైవేటు ఉద్యోగుల పిల్లలకు లేకపోవడం మరీ అన్యాయంగా తోస్తుంది. కాని నియమం ఉన్నంతకాలం దాని ప్రకారమే ఇల్లు నడుపుకోవాలి.

అలా 2024 మొదట్లో నేనొక్కదాన్నే, వరంగల్‌లో మా బాపును చూసుకుని, చిన్నాయన ఎక్కిన ఆ నవజీవన్ ఎక్స్‌ప్రెస్‌లోనే బయలుదేరాను. చెన్నై నుంచి విజయవాడ, వరంగల్, బల్లార్షా, భుసావల్ మీదుగా సూరత్, వడోదర దాటి అహ్మదాబాదు చేరే ఆ బండిలో సూరత్ దాకా తెలుగు వినిపిస్తూనే ఉంటుంది. పక్క బెర్తులోని కుటుంబం పోచంపల్లి వైపు నుంచి సూరత్‌కు వెళ్లి స్థిరపడినవారు. వారి పిల్ల సూరత్ నగరపాలక సంస్థ నడిపే తెలుగు మాధ్యమ పాఠశాలలో చదివిందని చెబితే, గుజరాత్‌లో తెలుగు బడి ఉండడమేమిటని నేను ఆశ్చర్యపోయాను. సూరత్‌లో వలస కార్మికుల పిల్లల కోసం ఒడియా, మరాఠీ, ఉర్దూ మాధ్యమాలతో పాటు తెలుగు మాధ్యమమూ ఉంది. అహ్మదాబాదులో నేను చూసినంతలో అటువంటి ఊతం లేదు, సూరత్ స్టేషను దాటాక బండి ఒక్కసారిగా గుజరాతీదైపోతుంది.

జీవరాజ్ పార్క్ దగ్గర ఉద్యోగినుల పీజీ వసతిలో చేరాను. ఆ చోటు ఎంచుకోవడానికి కారణం కంపెనీ బస్సు 132 అడుగుల రింగ్ రోడ్డు మీద అక్కడ ఆగడం, 2022లో ప్రారంభమైన మెట్రో స్టేషను నడిచే దూరంలో ఉండడం. అంతకు ముందు ఒక చిన్న ఫ్లాటు చూశాను. ఇంటి యజమానురాలు నేను మాంసాహారినా, మా ఆయన ఎక్కడుంటాడు, ఎందుకు ఉండడు, ఎప్పుడెప్పుడు వస్తాడు అన్నవన్నీ అడిగి, ఆలోచించి చెబుతానంది. నేను కూడా ఆలోచించి చెబుతానన్నాను. ఇద్దరమూ చెప్పుకోలేదు. పీజీలో నెలకు 8,000, రెండు పూటలా శాకాహార భోజనం. పప్పులో తీపి గురించి తెలుగువారందరూ చెప్పేదే కనుక నేను ప్రత్యేకించి చెప్పను. నా అలమారలో ఎప్పుడూ ఉండే చింతకాయ తొక్కు సీసాను చూసి గది తోడుగా ఉన్న రాజ్‌కోట్ అమ్మాయి మొదట జంకి, తర్వాత తనే అడిగి వేసుకోవడం మొదలుపెట్టింది.

భాష నేను భయపడినంత ఇబ్బంది పెట్టలేదు. ల్యాబులో రాతంతా ఇంగ్లీషు, మాటంతా గుజరాతీ. కొత్తవారితో హిందీ మాట్లాడతారు, కాని భోజనాల బల్ల దగ్గర హిందీ గుర్తుండదు. హైదరాబాదులో పెరిగిన హిందీతో సగం అర్థమైపోతుంది, తలగీత లేని నాగరి లిపిలా ఉండే అక్షరాలను బస్సు బోర్డుల మీద చదవడం కొన్ని వారాల్లో వచ్చేసింది. అందరి పేర్ల చివరా బెన్ అనో, భాయ్ అనో చేర్చి పిలుస్తారు. పై అధికారిని కూడా అలాగే పిలవవలసి రావడం, సార్, మేడమ్ అలవాటైన నా నోటికి మొదట్లో కష్టమైంది.

పని మాత్రం నిజంగా కష్టపెట్టింది. బయటివారికి రెండూ మందుల కంపెనీలే గాని, బల్క్ డ్రగ్ ల్యాబు వేరు, ఫార్ములేషన్ ల్యాబు వేరు. హైదరాబాదులో నా చేతులకు అలవాటైనది పొడి: దాని స్వచ్ఛత, అందులో మిగిలిపోయిన ద్రావకాలు, కలుషితాలు. ఇక్కడ నా ముందున్నది మాత్ర. మాత్రలో మందు ఎంత ఉందన్నది ఒక్కటే సరిపోదు, అది కడుపులో ఎంత సేపటికి కరుగుతుందన్నది కూడా చూడాలి. ఆరు పాత్రల్లో సాధారణంగా 900 మిల్లీలీటర్ల చొప్పున ద్రవం పోసి, 37 డిగ్రీల దగ్గర నిలిపి, తెడ్లు తిరుగుతుండగా నిర్ణీత నిమిషాలకు ఒక్కో పాత్ర నుంచి నమూనా తీయాలి. ఒక్క పాత్రలో బుడగ చిక్కుకున్నా ఫలితం తేడా వస్తుంది. పుస్తకంలో చదివిన ఈ పరీక్షను పదిహేనేళ్ల అనుభవం ఉన్న నేను, నాకన్నా పదేళ్లు చిన్నదైన అమ్మాయి పక్కన నిలబడి నేర్చుకోవలసి వచ్చింది. మొదటి మూడు నెలలు స్వతంత్రంగా సంతకం చేసే అర్హత కూడా ఉండదు, ప్రతి పరీక్షకూ అర్హత నిరూపించుకోవాలి. పాత ప్లాంటు పేరు ఇక్కడ కూడా నా ఫైలులో ఉంది; అయితే ఇక్కడ దాన్ని ఇంటర్వ్యూలో నేరుగా అడిగి, నేను చెప్పినదాన్ని రాసుకుని, పాత పైఅధికారితో మాట్లాడి ధ్రువీకరించుకుని, ఆ తర్వాత మళ్లీ ఎత్తలేదు. దూరం వల్ల దొరికిన లాభం అది.

డబ్బు లెక్క కూడా చెప్పాలి. పీజీ, ప్రయాణాలు, రెండు చోట్ల ఫోన్లూ మందులూ కలిపితే, పెరిగిన జీతం రెండో కాపురానికి చాలలేదు. చేతికి మిగిలేది పాత ఉద్యోగంలో మిగిలినదానికన్నా తక్కువ. ఇంటి రుణం వాయిదా మాత్రం ఒక్కటీ తప్పలేదు. జనవరి 14, 15 తేదీల్లో అహ్మదాబాదు అంతా మేడల మీదే ఉండి గాలిపటాలు ఎగరేస్తుంది, ఆ రెండు రోజుల సెలవుకు హైదరాబాదు వెళ్లి రావడం సాధ్యం కాదు గనుక సంక్రాంతి ఇక్కడే. బతుకమ్మకు మాత్రం సూరత్ వెళ్తాను, మూడు నాలుగు గంటల ప్రయాణం. తంగేడు, గునుగు దొరకవు, బంతిపూలతోనే పేర్చుకుంటారు. సద్దుల బతుకమ్మ నాటికి లింబాయత్ వీధుల్లో ఒక వైపు గర్బా పాటలు, మరో వైపు మన ఉయ్యాల పాటలు. చిన్నాయన ప్రతిసారీ మా ప్లాంటు పక్కన ఇంకా ఎన్ని ప్లాంట్లున్నాయని అడుగుతాడు, లెక్క చెబితే సంతృప్తిగా తల ఊపుతాడు.

బాబు పదో తరగతి పూర్తిచేసి ఇప్పుడు కూకట్‌పల్లిలోనే ఇంటర్ చదువుతున్నాడు. నాలుగేళ్ల లెక్క వచ్చే ఏడాది వేసవికి నిండుతుంది. మొన్న జడ్చర్ల దగ్గర పోలేపల్లి సెజ్‌లోని ఒక ఫార్ములేషన్ ప్లాంటు నుంచి కబురొచ్చింది; మాత్రల పరీక్షల అనుభవం లేకపోతే వారు నన్ను పిలిచేవారు కాదు. హైదరాబాదు నుంచి కంపెనీ బస్సు ఉందంటున్నారు, కాని కూకట్‌పల్లి నుంచి రోజూ రానూపోనూ అంటే దాదాపు ఐదు గంటలు రోడ్డు మీదే గడపాలి. మా ఆయన వెంటనే చేరిపొమ్మంటున్నాడు, బాబు ఇంటర్ అయ్యేదాకా ఆగుదామని నేనంటున్నాను. అక్కడ చేరితే, ఆ ప్లాంటు కాకపోతే ఆ సెజ్‌లోనే మరొకటి దొరుకుతుందా అన్నది ముందు తేల్చుకోవాలి. అక్కడ పనిచేస్తున్న పాత స్నేహితురాలిని ఎవరెవరు క్యూసీలోకి మనుషులను తీసుకుంటున్నారో కనుక్కోమన్నాను. ఆమె నుంచి జవాబు వచ్చాకే పోలేపల్లి వారికి నా మాట చెబుతాను.